పంక్తి చివర ఏముంది?

ఇన్‌లాండ్ ఉత్తరాలు రాసుకునే రోజుల్లో మన ఆడవాళ్లకి ఒక విద్య బాగా పట్టుబడి వుండేది. కాగితం అయిపోతుంది, కబుర్లు మాత్రం అయిపోవు. అప్పుడేం చేసేవాళ్లం? ఉత్తరాన్ని అడ్డంగా తిప్పి అంచుల్లో రాసేవాళ్లం. అక్కడా చోటు చాలకపోతే జిగురు వుండే మడత మీద “చిన్నదానికి జలుబు తగ్గింది” అని ఇరికించేవాళ్లం. చదివే వాళ్లు కూడా దాన్ని గుండ్రంగా తిప్పుకుంటూ, ఒక్క ముక్క వదలకుండా చదువుకునేవారు. ఏ పంక్తి ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పనక్కరలేదు. కంటికి అలా తెలిసిపోయేది.

మనిషికి తెలిసిపోయే ఈ సంగతి యంత్రానికి తెలియదు. “అమ్మా, ఈ పంక్తి అయిపోయింది, ఇక కింది పంక్తి మొదలుపెట్టు” అని దానికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పడం ఎలాగ అన్న దగ్గర ప్రపంచంలోని కంప్యూటర్ల వాళ్లు మూడు దారులు పట్టారు. ఒకరి దారి ఒకరికి పడలేదు. ఇంట్లో మూడు పొయ్యిలు పెట్టుకున్న తోడికోడళ్లలాగ అరవయ్యేళ్లుగా కాపురం చేస్తున్నారు. మధ్యలో నలిగింది ఎవరంటే, ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి రాతను పంపుకునే మనబోటి వాళ్లం.

“వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిని కూర్చున్నా ఫరవాలేదు” అని సామెత. యంత్రం మనవాడు కాదు. అందుకే కడపంక్తిలో ఏముందో మనమే చూసుకోవాలి. నేను చదివింది బి.ఏ. లెక్కలంటే ఆమడ దూరం పారిపోయే దాన్ని. అలాంటి నేనే ఈ గొడవని ఇష్టంగా తెలుసుకున్నాను. ఎందుకంటే దీని మూలం కంప్యూటర్లలో లేదు, మన పొలాల్లోనే వుంది!

మా సత్తెనపల్లి చుట్టుపక్కల ఎటు చూసినా పత్తి, మిరప. నాగలి కట్టినవాణ్ణి ఎప్పుడైనా నిలబడి చూశారా? సాలు చివరకి వచ్చేసరికి ఎద్దుల్ని తిప్పి, పక్క సాలులోకి దిగి, వచ్చిన వైపుకే దున్నుకుంటూ పోతాడు. ప్రాచీన గ్రీకులు కొన్ని శాసనాలను అచ్చంగా ఇలాగే చెక్కారు. ఒక పంక్తి ఎడమ నుంచి కుడికి, తరువాతది కుడి నుంచి ఎడమకి. ఆ పద్ధతికి వాళ్ల భాషలో వున్న పేరుకి అర్థం “ఎద్దు తిరిగినట్టు” అనే! మనం అలా రాయం. ప్రతి పంక్తినీ ఎడమ వైపునే మొదలుపెడతాం. అంటే సాలు చివర మనం రెండు పనులు చేస్తున్నామన్న మాట. ఒకటి, ఖాళీ చేతులతో మళ్లీ మొదటి గట్టుకి రావడం. రెండు, పక్క సాలులోకి జరగడం. వెనక్కి వచ్చి జరగడం మరిచిపోతే విత్తిన సాలులోనే మళ్లీ విత్తుతాం. జరిగి వెనక్కి రావడం మరిచిపోతే రెండో సాలు చేను చివరి నుంచి మొదలై గట్టు దాటి పోతుంది.

ఈ రెండు పనుల్నీ జ్ఞాపకం పెట్టుకోండి. తరువాత కథంతా వీటిదే.

మా వూరికి దగ్గర్లోనే అమరావతి. కాలిన్ మెకంజీ దొర 1797లో వచ్చి చూసి లోకానికి చెప్పిన స్తూపం అక్కడిది. అక్కడి శిల్పాలు కొన్ని చెన్నైలో, కొన్ని లండన్‌లో వున్నాయి. రాతి మీద చెక్కేవాడికి పంక్తి చివర అంటే రాతి అంచే. అంచు వచ్చేస్తే మాట సగంలో వున్నా ఆగిపోయి, మిగతా సగాన్ని కింది వరుసలో చెక్కేవాడు. తరువాతి కాలంలో ఆ శాసనాలను కాగితం మీదికి ఎత్తి అచ్చు వేసిన పండితులు ఒక మంచి పని చేశారు. రాతి మీద పంక్తి ఎక్కడ విరిగిందో కాగితం మీదా అక్కడే విరిచి, ప్రతి పంక్తికీ ముందు ఒక అంకె వేశారు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి రాతను మోసేవాడు అక్షరాలతో పాటు పంక్తినీ మొయ్యాలని వాళ్లకి తెలుసు.

తాటాకు దగ్గరికి వచ్చేసరికి ఇంకో తమాషా! ఆకు పొడుగ్గా, సన్నగా వుంటుంది. గంటంతో గీకి మసి పూస్తే అక్షరం కనిపిస్తుంది. చోటు తక్కువ కాబట్టి మాటకీ మాటకీ మధ్య ఎడం వుండదు. పద్యమైనా, వచనమైనా రైలు పెట్టెల్లాగ ఒకదాని వెనక ఒకటి పోతూనే వుంటాయి. తాడు దూర్చే కన్నం దగ్గర కాస్త ఖాళీ వదులుతారు, అంతే. మరి పద్యపాదం ఎక్కడ ఆగిందో చదివే వాడికి ఎలా తెలిసేది?

చెవికి తెలిసేది. ఉత్పలమాలకి పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. చంపకమాలకి 21 అక్షరాలు, పదకొండో అక్షరం యతి. శార్దూలానికి 19, మత్తేభానికి 20. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకటే, అది ప్రాస. పోతన గారి పద్యాన్ని ఎవరైనా దారంలాగ సాగదీసి ఇచ్చినా, చదువుకున్న వాళ్లు వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టి నాలుగు ముక్కలుగా కత్తిరించగలరు. పంక్తి చివర ఆకు మీద లేకపోయినా ఛందస్సులో దాగి వుంది.

సి.పి. బ్రౌన్ దొర కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, తాటాకు ప్రతుల్ని కాగితం మీదికి ఎత్తి రాయించాడు. 1829లో వేమన పద్యాల్ని అచ్చు వేయించాడు. 1832-33 కరువు కాలంలో మా గుంటూరులోనూ ఉద్యోగం చేశాడు. తాటాకు కాగితంగా, కాగితం అచ్చుగా మారుతున్న ఆ రోజుల్లో ప్రతి పద్యం దగ్గరా ఎవరో ఒకరు కూర్చుని “పాదం ఇక్కడ ఆగింది” అని తేల్చవలసిందే. ఇవాళ మనం పుస్తకం తెరవగానే పద్యం నాలుగు వరుసల్లో ముచ్చటగా కనిపిస్తోందంటే ఆ తేల్చిన వాళ్ల చలవే!

ఇక యంత్రం దగ్గరికి వద్దాం. మా సత్తెనపల్లికి టైపు మిషనుతో ఒక చుట్టరికం వుంది. రాష్ట్రంలో తెలుగుని అధికార భాషగా చేస్తూ 1966లో చట్టం వచ్చింది. 1974లో అధికార భాషా సంఘం ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షులు మా వూరి వావిలాల గోపాలకృష్ణయ్య గారు. ఖద్దరు బట్టలతో తిరిగిన ఆయన మా నియోజకవర్గం నుంచి శాసనసభకి నెగ్గిన మనిషి. ఆఫీసుల్లో తెలుగు నడవాలంటే ముందు అక్కడ తెలుగు టైపు మిషను నడవాలి కదా! అలా, గుమాస్తాల బల్లల మీద టకటకలాడే ఆ ఇనప పెట్టెకీ, భాషాభిమానానికీ ముడి పడింది.

ఇంటర్ పరీక్షలు రాసిన ఎండాకాలం నన్ను కూడా టైపుకి పంపారు. ఆడపిల్ల ఖాళీగా వుండకూడదు, లోయర్ పాసైతే ఎందుకైనా పనికొస్తుందని ఆ రోజుల్లో ప్రతి ఇంటా అనుకునే మాట. వరసగా మిషన్లు, రేకుల కప్పు, మిరపకాయల ఘాటు కలిసిన వడగాలి. పంక్తి చివరకి ఇంకో నాలుగైదు అక్షరాల దూరంలో వుండగానే మిషను “టింగ్” మని గంట కొట్టేది. అప్పుడు ఎడమ చేత్తో పిడిని లాగి తోస్తే, ముందు రూళ్ల కర్ర ఒక్క వరస మేర తిరిగి కాగితం పైకి జరిగేది, తరువాత బండి మొత్తం జర్రున మొదటికి వచ్చేది. పిడి ఒక్కటే, పనులు మాత్రం రెండు. సాలు చివర రైతు చేసే రెండు పనులే!

మాకు టైపు నేర్పిన మాస్టారు ఈ రెండింటినీ విడదీసి చూపించేవారు. కాగితం జరగకుండా బండిని మాత్రం మొదటికి తెచ్చి, కొట్టిన అక్షరాల మీదే మళ్లీ కొడితే అవి లావుగా, నల్లగా వచ్చేవి. శీర్షికలకి అదే అలంకారం. బండి కదలకుండా కాగితం మాత్రం జరపాలంటే పక్కనున్న గుండ్రటి మర తిప్పితే సరి. ఒకటి లేకుండా ఇంకొకటి చేసుకోవచ్చన్న మాట. ఈ చిన్న సౌకర్యమే తరువాత పెద్ద తగువుకి విత్తనమైంది.

టైపు మిషనుకి తంతి తగిలిస్తే టెలిప్రింటరు. ఈ వూళ్లో మీట నొక్కితే ఆ వూళ్లో అక్షరం పడుతుంది. పత్రికాఫీసుల్లో రాత్రింబగళ్లు వార్తల్ని కక్కుతూ వుండేదే అది. మన దేశంలోనూ 1960లో మద్రాసులో హిందుస్థాన్ టెలిప్రింటర్స్ అని ప్రభుత్వ సంస్థ పెట్టి వీటిని తయారు చేశారు. అయితే తంతికి అవతల వున్న బండిని వెనక్కి నెట్టడానికి మన చెయ్యి అంత దూరం పోదు కదా! అందుకని అక్షరాలతో పాటు ఆజ్ఞల్ని కూడా తంతి మీద పంపాలి. 1901లో డొనాల్డ్ మరే అనే ఆయన తన తంతి సంకేతాల్లో ఈ రెండు ఆజ్ఞలకీ వేరు వేరు గుర్తులు పెట్టాడు. “బండి వెనక్కి” ఒకటి, “కాగితం పైకి” ఒకటి.

రెండూ వేరుగా వుండటం వల్ల ఇంకో లాభం కూడా కనిపించింది. బండి బరువైనది. కుడి చివరి నుంచి ఎడమ చివరకి రావడానికి దానికి కొంచెం వ్యవధి కావాలి. ఆ లోపునే తరువాతి అక్షరం వచ్చేస్తే అది దారి మధ్యలో ఎక్కడో పడి అచ్చు పాడవుతుంది. అందుకని ముందు “బండి వెనక్కి” అని చెప్పి, వెంటనే “కాగితం పైకి” అని చెప్పేవారు. రెండో ఆజ్ఞ జరిగే లోపల బండి ఇంటికి చేరేది. అత్తగారు స్నానానికి వెళ్లి వచ్చేలోగా కోడలు కాఫీ కలిపి పెట్టినట్టు!

1963లో అమెరికాలో అక్షరాలన్నిటికీ ఒక అంకెల పట్టిక తయారు చేశారు. దాన్ని ఆస్కీ అంటారు. 0 నుంచి 127 దాకా అంకెలు, ఇంగ్లీషు అక్షరాలకీ, గుర్తులకీ తలా ఒకటి. పట్టికలో మొదటి 32 స్థానాలు కంటికి కనిపించని ఆజ్ఞలకి వదిలారు. 7 అంటే గంట కొట్టడం (మా టైపు మిషను “టింగ్” అన్న మాట!). 10 అంటే కాగితం ఒక వరస పైకి. 12 అంటే కొత్త పేజీ. 13 అంటే బండి వెనక్కి.

అంతవరకూ బాగానే వుంది. కానీ కంప్యూటర్లు తెర మీద రాయడం మొదలుపెట్టాక బండీ లేదు, రూళ్ల కర్రా లేదు. పెళ్లికొడుకు గుర్రం దిగి కారెక్కినా గుర్రానికి గడ్డి వెయ్యడం మానని ఇల్లులాగ, ఈ రెండు ఆజ్ఞలు మాత్రం మిగిలిపోయాయి. ఇప్పుడు ఏం చెయ్యాలి?

1969లో బెల్ లేబొరేటరీలో మొదలైన యూనిక్స్ వాళ్లు, “రెండెందుకు దండగ, 10 ఒక్కటి చాలు” అన్నారు. ఆ బాటలోనే 1991లో వచ్చిన లినక్సు, దాని మీద కట్టిన మన ఆండ్రాయిడ్ ఫోన్లు. 1981లో వచ్చిన ఎమ్మెస్ డాస్ వాళ్లు, “పెద్దలు పెట్టిన ఆచారం మనమెందుకు మార్చాలి” అని 13, 10 రెండూ వుంచారు. తరువాతి విండోసు కూడా అదే సంప్రదాయం. యాపిల్ వాళ్లు వీళ్లిద్దరినీ కాదని 13 ఒక్కటే పెట్టుకున్నారు. 2001లో మాక్ కొత్త అవతారం ఎత్తాక వాళ్లు కూడా యూనిక్స్ దారికి వచ్చి 10కి మారారు.

ఇలా ఎవరింట్లో వాళ్లు హాయిగానే వున్నారు. రాకపోకలు మొదలయ్యాకే చిక్కంతా! యూనిక్సులో రాసిన ఫైలుని విండోసులోని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే, దానికి 13 కనపడక, “పంక్తి ఇంకా అవలేదు కాబోలు” అనుకుని ఫైలంతా ఒకే తాడులాగ చూపించేది. విండోసులో రాసింది యూనిక్సులో తెరిస్తే ప్రతి పంక్తి చివరా ఒక టోపీ గుర్తూ, పక్కన ఎమ్ అక్షరమూ ప్రత్యక్షం. ఎమ్ ఎందుకంటారా? ఇంగ్లీషు అక్షరాల్లో అది పదమూడోది! 10 ఒక్కటే వచ్చి 13 రాకపోతే కొన్ని అచ్చు యంత్రాలు పంక్తుల్ని మెట్ల వరసలాగ అచ్చుకొట్టేవి. రైతు పక్క సాలులోకి జరిగాడు గాని వెనక్కి రాలేదన్న మాట.

ఈ బాధ పడలేక ఫైళ్లు మోసే పద్ధతుల వాళ్లు ఒక కట్టుబాటు చేసుకున్నారు. 1982లో ఎలక్ట్రానిక్ ఉత్తరాలకి నియమాలు రాసినప్పుడు, దారిలో వున్నంతసేపూ పంక్తి చివర 13, 10 రెండూ వుండాలన్నారు. ఇంటికి చేరాక ఎవరి ఆచారం వాళ్లది. 1985లో స్థిరపడిన ఎఫ్‌టీపీ అనే ఫైళ్ల బదిలీ పద్ధతిలో పంపేవాడు ముందుగా ఒక ముక్క చెప్పాలి. ఇది రాతా? లేక బొమ్మలాంటి వేరే సరుకా? రాత అంటే పంక్తి చివరలు మార్చి అందిస్తుంది. సరుకు అంటే ముట్టుకోకుండా వున్నదున్నట్టు చేరవేస్తుంది. ఎవరైనా ఫొటోని రాత అని చెప్పి పంపితే, ఫొటో లోపల ఎక్కడ 10 అంకె కనిపించినా దాన్ని పంక్తి చివర అనుకుని పక్కన ఒక 13 చేరుస్తుంది. ఫొటో సర్వనాశనం! గంజి నూలుచీరకి అందం. పట్టుచీరకి పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

ఇంతకీ ఇందులో మన తెలుగుకి వచ్చిన కష్టం ఏమిటి? ఇక్కడే వుంది అసలు విచిత్రం.

1990ల మొదట్లో హ్యూస్టన్ నగరంలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునే ఒక పద్ధతి కల్పించారు. ఆ విశ్వవిద్యాలయం పేరుతోనే అది వాడుకలోకి వచ్చింది. కంప్యూటర్లకి తెలుగు అక్షరం సరిగ్గా రాని ఆ రోజుల్లో, దేశం కాని దేశంలో వున్న పిల్లలు పద్యాలూ, పాటలూ ఇంగ్లీషు లిపిలోనే ఒకరికొకరు పంపుకున్నారు. ఇల్లు విడిచి వెళ్లిన వాళ్లకే కదా ఆవకాయ రుచి తెలిసేది! ఆ రాతలో అక్షరాలు ఇంగ్లీషువి కాబట్టి అక్షరానికి ఢోకా లేదు. దెబ్బ తగిలితే పంక్తికే తగలాలి.

1991లో యూనికోడ్ మొదటి ముద్రణ వచ్చింది. ప్రపంచంలోని లిపుల అక్షరాలన్నిటికీ తలా ఒక అంకె ఇచ్చే ఏర్పాటు అది. అందులో మన తెలుగుకీ ఒక వాడ కేటాయించారు. “క” కి 3093. ఇంత పెద్ద అంకె కంప్యూటరులోని ఒక చిన్న గదిలో పట్టదు, ఒక్కో గదిలో 255 దాకానే పడుతుంది. అందుకని ఒక పద్ధతిలో అక్షరాన్ని రెండు గదులుగా విడగొడతారు. అలా విడగొడితే తెలుగు అక్షరాలన్నిటికీ ఒక గదిలో వచ్చే అంకె 12. రెండో గదిలో అక్షరాన్ని బట్టి మారుతుంది. “అ” కి 5, “ఆ” కి 6, “ఇ” కి 7, “ఈ” కి 8, “ఉ” కి 9...

లెక్కపెడుతున్నారా? “ఊ” కి 10!

పంక్తి చివర అని యంత్రాలు గుర్తుపట్టే అదే 10. ఆ పద్ధతిలో దాచిన తెలుగు ఫైలుని తెలియని యంత్రం “రాత” అనుకుని మార్చడం మొదలుపెడితే, నిజమైన పంక్తి చివరలే కాకుండా “ఊ” కనిపించిన ప్రతిచోటా పంక్తి అయిపోయిందని భ్రమపడి 13 చొప్పిస్తుంది. దాంతో తరువాతి గదులన్నీ ఒక్కొక్కటి పక్కకి జరిగి, అక్కణ్నించి రాత అంతా పిచ్చిగీతలు. “ఊరు” విరిగిపోతుంది, “ఊయల” తెగిపోతుంది. పాపం, పద్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళాదేవి పేరు దగ్గరే పంక్తి అయిపోతుంది!

ఈ ఆపద నుంచి గట్టెక్కించింది ఒక హోటలు కాగితం. 1992 సెప్టెంబరులో అమెరికాలో న్యూజెర్సీలో ఇద్దరు కంప్యూటరు నిపుణులు, కెన్ థాంప్సన్, రాబ్ పైక్, భోజనానికి వెళ్లారు. అక్కడ పళ్లెం కింద పరిచే కాగితం మీద థాంప్సన్ ఒక కొత్త పద్ధతి గీసి చూపించాడు. దాని పేరు యుటిఎఫ్-8. ఇందులో తెలుగు అక్షరానికి మూడు గదులు కావాలి. కానీ ఆ మూడింట్లోనూ 128 కన్నా చిన్న అంకె రానే రాదు. అంటే 10 గాని, 13 గాని అక్షరం కడుపులో పుట్టే ప్రమాదం లేదు. “ఊ” అంటే 224, 176, 138. పంక్తి చివర పంక్తి చివరే, ఊర్మిళ ఊర్మిళే. ఇవాళ మనం తెలుగులో రాసుకునే కబుర్లన్నీ సాధారణంగా ఈ పద్ధతిలోనే ప్రయాణం చేస్తున్నాయి. మన అక్షరం క్షేమంగా ఇల్లు చేరడానికి వెనకాల ఒక భోజనం బల్ల వుందంటే నాకు భలే ముచ్చట వేసింది!

అయితే అక్షరం క్షేమంగా చేరినంత మాత్రాన పంక్తి చేరినట్టు కాదు. ఇది మా ఇంట్లో జరిగిన సంగతి, 2015 నాటిది.

మా పెద్దమ్మకి పాటలు చాలా వచ్చు. మంగళహారతులు, లాలిపాటలు, అప్పగింతల పాటలు, ఊర్మిళాదేవి నిద్ర. ఆవిడ తల్లి నాటి నోటుపుస్తకం ఒకటి వుంది. కాగితానికి కరువైన రోజుల్లో రాసింది కాబట్టి, అందులో పాటలన్నీ తాటాకు మీదలాగే ఏకధాటిగా వున్నాయి. అమెరికాలో వున్న ఆవిడ మనవరాలు ఆ పుస్తకం ఫొటోలు తెప్పించుకుని, ఆదివారం ఆదివారం అమ్మమ్మ చేత ఫోనులో పాడించుకుని, ఎక్కడ చరణం ఆగితే అక్కడ పంక్తి విరుస్తూ తన కంప్యూటరులో ఎక్కించింది. ఆ పిల్ల వాడేది లినక్సు. పుస్తకంగా వేయిద్దామని ఫైలు ఇక్కడికి పంపింది. దాన్ని ఒక అచ్చాఫీసులో ఇచ్చాం. వాళ్లది పాత విండోసు.

ప్రూఫులు వచ్చాయి. అక్షరం ఒక్కటి పోలేదు. కానీ పాటలన్నీ పేజీ నిండా గోడ కట్టినట్టు ఏకంగా వున్నాయి. పల్లవి చరణంలో కలిసింది, చరణం పక్క చరణంలో కలిసింది. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని కాసేపు చూసి పక్కన పెట్టేసింది.

“ఇదేమిటే అమ్మాయీ, పాట అంటివి? కిరాణా కొట్టు చీటీలాగుందే!” అంది.

అచ్చాఫీసు అబ్బాయిని అడిగితే, “మాకు ఇట్టాగే వచ్చిందండీ అమ్మగారూ. మధ్యమధ్యలో చిన్న చిన్న డబ్బాలుంటే అవి తీసేసి ఖాళీ పెట్టాం” అన్నాడు. ఆ డబ్బాలే పంక్తి చివరలు! మనవరాలు అమ్మమ్మ గొంతులోంచి ఏరి పెట్టిన 10లు. చెత్త అనుకుని వూడ్చేశారు.

పోతన పద్యమైతే నేను వేళ్లు మడిచి లెక్కపెట్టుకునే దాన్ని. ఆడవాళ్ల పాటలకి ఆ ధీమా లేదు. వాటికి అక్షరాల లెక్క వుండదు. ఒక చరణంలో నాలుగు మాటలైతే పక్క చరణంలో ఆరు మాటలు పడతాయి. రాగంలో ఒక అచ్చు సాగదీస్తే సరిపోతుంది. పల్లవి పూర్తిగా రాయరు, మొదటి మాట రాసి వదిలేస్తారు. పంక్తి ఎక్కడ ఆగిందో తెలియాలంటే బాణీ తెలియాలి. బాణీ తెలియాలంటే పాడే మనిషి వుండాలి. వెల్చేరు నారాయణరావు గారు తెలుగునాట ఆడవాళ్ల రామాయణ పాటల మీద 1991లో వెలువడిన వ్యాసంలో, ఆ పాటలు రాముడి కథని ఆడవాళ్ల కళ్లతో ఎలా చూశాయో చూపించారు. అంత ఘనమైన సంపద, చాలా చోట్ల ఒక ముసలావిడ గొంతులోనే వుంది.

మా అదృష్టం కొద్దీ అసలు ఫైలు చెక్కు చెదరకుండా వుంది. దాన్ని రెండు రకాల పంక్తి చివరల్నీ గుర్తుపట్టే వేరే సాఫ్ట్‌వేరులో తెరిచి, 10 వున్న చోటల్లా 13, 10 పెట్టించి మళ్లీ ఇచ్చాం. అర నిమిషం పని! పాటలు నిటారుగా నిలబడ్డాయి. పుస్తకం వచ్చింది, పెళ్లిళ్లలో పంచాం. 2018లో నోట్‌ప్యాడ్ కూడా మిగతా ఇద్దరి పంక్తి చివరల్నీ గుర్తుపట్టడం నేర్చుకుంది. ముప్పయ్యేళ్లు దాటిన పంతం అలా తీరింది. మరుసటేడు పెద్దమ్మ వెళ్లిపోయింది. ఇప్పుడు ఏ పాట ఎక్కడ ఆగుతుందో అడగడానికి మాకు ఆ ఫైలే దిక్కు.

అందుకని చెబుతున్నాను. మీ ఇళ్లల్లోనూ అత్తగారి పెట్టెలోనో, అమ్మ బీరువాలోనో ఇలాంటి పాటల పుస్తకాలు వుంటాయి. వాటిని ఫోనులోకో, కంప్యూటరులోకో ఎక్కించే ఓపిక మీకు గాని, మీ పిల్లలకి గాని వుంటే చాలా సంతోషం. ఎక్కించేటప్పుడు పాడే వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. ఆవిడ ఊపిరి తీసుకున్న చోట పంక్తి విరవండి. విరిచి వూరుకోకుండా అక్కడ ఒక నిలువు గీత కూడా గీయండి. తాటాకుల వాళ్లు పద్యం ముగిసిన చోట గీసేవారే, అలాంటి గీత. కనిపించని 10నీ, 13నీ ఏ యంత్రం ఎప్పుడు మింగేస్తుందో మనం చెప్పలేం. కనిపించే గీతని మాత్రం అంత తేలిగ్గా మింగలేదు. ఫైలుని ఇంకొకరికి పంపాక, “చేరిందా?” అని అడిగి వూరుకోకండి. “పాట ఎన్ని వరసల్లో కనిపిస్తోంది?” అని కూడా అడగండి.

గీత గీయడం అయ్యాక ఆవిడ చేత ఆ పాట ఇంకోసారి పాడించుకోండి. గీతలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవడానికి అని చెప్పండి. ఆ మాట అబద్ధం కూడా కాదు.